పూలమాల వేసి నీళ్ళు చల్లినా ఆగని తిట్ల వరస (3)

పోయిన ఆదివారం మా బాబాయి దగ్గర్నుంచి నాలుగు నిమిషాల పైచిలుకు వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో క్షేమ సమాచారాలేమీ లేవు, "ఏరా, నీకసలు బుద్ధుందా" అని మొదలై మధ్యలో ఒక్కచోట దగ్గు కోసం ఆగి మళ్ళీ అక్కణ్ణుంచే అందుకుని, ఫోన్ చెయ్యి జారినట్టుంది, ఠప్పున ఆగిపోయింది. కారణం పైన పెట్టిన గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) ఆధారమే, చివర మూడంటే జవాబుకి మూడు గళ్ళని.

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం నేనో గళ్ళ నుడికట్టు పెడతాను. ఇంగ్లీషు పేపర్లలోలాగా పదిహేను గళ్ళు బారు, పదిహేను గళ్ళు నిడివి అంత పెద్దది నా వల్ల కాదు, తొమ్మిదికి తొమ్మిది చాలు, ఫోన్ తెరమీద కళ్ళు చికిలించకుండా కనబడాలి కదా. పందొమ్మిది మంది ఉన్న గ్రూపులో నిజంగా పూరించేది ఐదుగురు. మిగతావాళ్ళు దండం పెట్టే బొమ్మ ఒకటి పడేసి పోతారు. ఆ ఐదుగురిలో బాబాయి మొదటివాడు. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాడు, అంచేత నా ఆధారాల్లో తప్పు పట్టే హక్కు తనకి పెన్షన్‌తో పాటే వచ్చిందని ఆయన నమ్మకం.

జవాబు "దండకం". పూలమాల అంటే దండ. నీళ్ళకి సంస్కృతంలో "కం" అని ఒక పేరుంది, కంధరం అంటే మేఘం కదా, నీటిని ధరించేది. దండ పక్కన కం పెడితే దండకం, ఎంతకీ ఆగని తిట్ల వరస. నాకైతే చాలా ముచ్చటేసింది, శనివారం రాత్రి దీన్ని కట్టి నాలో నేనే నవ్వుకుంటూ పడుకున్నాను. బాబాయి అభ్యంతరాలు రెండు. ఒకటి, కం అంటే నీళ్ళని ఎంతమందికి తెలుసు? దీనికి నా దగ్గర పెద్ద జవాబు లేదు, ఆయనకి తెలుసని ఆశపడ్డాను, అంతే. రెండోది అసలైన తగాదా. దండకం అంటే దేవుడి స్తోత్రం, ఆంజనేయ దండకం చదువుకునే ఇంట్లో పుట్టి దాన్ని తిట్లకింద జమకడతావా అని.

దానికి గ్రూపులో జవాబు చెప్తే ఇంకో ఐదు నిమిషాల మెసేజ్ వస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆయన బ్లాగులు చదవడు.

అసలు ఈ పదం కోసం నేను వెతకడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. చిన్నప్పుడు నాన్న ఇంగ్లీషు పేపర్లో పజిల్ పూరిస్తుంటే పక్కన కూర్చునేవాణ్ణి. ఒకరోజు "కోపంగా దంచిన ఉపన్యాసం, ఆరు అక్షరాలు" అని వచ్చింది. మూడో అక్షరం ఆర్ అని అప్పటికే తేలింది. నేను గబుక్కున "సెర్మన్" అన్నాను, మూడోది ఆరే, లెక్క సరిపోయింది. నాన్న పెన్సిల్ ఆపి "సెర్మన్‌లో కోపం ఎక్కడుందిరా, అది చర్చిలో ఫాదర్ చెప్పేది" అన్నారు. "మీరు మాకిచ్చే దాంట్లో ఉంటుందిగా" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ కాసేపటికి అమ్మని పిలిచి చెప్పడం వినబడింది. కింది నుంచి ఐదో గడిలోకి డి వచ్చాక సెర్మన్ చెరిపేసి "టిరేడ్" అని రాశారు.

అప్పట్నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. దీనికి తెలుగేంటి? తిట్టు అంటే చాలదు, తిట్టు ఒక్క మాటలో అయిపోతుంది. చీవాట్లు అంటే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి పెట్టేవి. టిరేడ్‌లో ఉన్న సంగతి కోపం ఒక్కటే కాదు, అది ఆగకపోవడం, అవతలివాడికి నోరు తెరిచే సందివ్వకపోవడం. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక ఇటాలియన్‌లో "లాగడం" అనే అర్థం ఉంది, అంటే ఒక్క లాగులో లాగేసిందన్నమాట. ఫ్రెంచి నాటకాల్లో ఒకే పాత్ర ఎడతెగకుండా చెప్పే పొడవాటి సంభాషణని ఇప్పటికీ టిరేడ్ అనే అంటారు, అందులో కోపం ఉండి తీరాలనేం లేదు.

ఇప్పుడు దండకం సంగతి చూడండి. మామూలు పద్యానికి నాలుగు పాదాలుంటాయి, ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోవచ్చు. దండకానికి ఆ లెక్క లేదు. త గణం, అంటే రెండు గురువులూ ఒక లఘువూ, మళ్ళీ అదే, మళ్ళీ అదే. చిన్నప్పుడు గణాల కోసం యమాతారాజభానసలగం అని బట్టీ పట్టించారు గుర్తుందా, అందులోంచి "తారాజ" ఒక్కటే తీసుకుని తారాజ తారాజ తారాజ అంటూ పోవడమే, కవికి ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ చివర ఓ గురువు తగిలించి ఆపుతాడు. ఒక్క లాగుడు. ఏకధాటి. ఇటాలియన్లు తాడు లాగితే మనవాళ్ళు గణం లాగారు. "తిట్ల దండకం అందుకుంది" అని మన ఊళ్ళో మొదట అన్నదెవరో గానీ, ఛందస్సు చెవికెక్కినవాళ్ళే అయ్యుంటారు. స్తోత్రం అన్న అర్థాన్ని పక్కనపెట్టి నడకని మాత్రం పట్టుకున్నారు. బాబాయ్, జనం ఆ పని మీకంటే నాకంటే ముందే చేసేశారు, నేను గళ్ళలో పెట్టానంతే.

పైగా ఇదొక్కటే కాదు. తిట్లకి మనం పూజగదిలోంచి తెచ్చుకున్న మాటలు లెక్కపెడితే ఆశ్చర్యమేస్తుంది. అక్షింతలు పెళ్ళిలో నెత్తిన పడితే దీవెన, ఆఫీసులో పడితే వేరే. హైకోర్టు ఏ శాఖమీదైనా కోప్పడితే మర్నాడు పేపర్లో "అక్షింతలు" అనే ఉంటుంది, లేకపోతే మొట్టికాయలు, అది గణపతి ముందు గుంజీళ్ళ పక్కన చేసే పనే. సుప్రభాతం తిరుమలలో స్వామికి, మా ఇంట్లో ఎనిమిదింటి దాకా లేవని నాకు. అష్టోత్తరం చదివారంటే నూట ఎనిమిది రకాలుగా తిట్టారని. "ఇంటికి రా, పూజ ఉంది" అంటే పులిహోర ఉండదని చిన్నపిల్లలక్కూడా తెలుసు.

ఇంగ్లీషులో దీనికి జోడీగా ఇంకోటి దొరికింది, దొరికిన రోజు గంతులేశాను. "డయాట్రైబ్" అని ఎనిమిది అక్షరాల మాట, అదీ కోపపు ఉపన్యాసమే. దాని మూలం గ్రీకులో అరగదీయడం, కాలాన్ని అరగదీయడం. అలా పొద్దుపుచ్చుతూ చేసే చర్చ, బోధన, ఆ తర్వాత ఎప్పుడో కోపం వచ్చి చేరింది. కాలాన్ని అరగదీయడం అంటే ఏమిటి? కాలక్షేపం! మనకీ కాలక్షేపం అంటే ఊరికే పొద్దుపోవడమూ అవును, హరికథా కాలక్షేపమూ అవును, సరిగ్గా గ్రీకువాళ్ళ లాగే. "మళ్ళీ పురాణం విప్పాడు" అంటే ఆ మూడో అర్థం కూడా దగ్గర్లోనే ఉంది. ఇంగ్లీషు పజిల్ కట్టేవాళ్ళకి ఈ మూలాలతో పనిలేదులెండి, వాళ్ళకి అక్షరాలు చాలు. డయాట్రైబ్‌ని విరిస్తే ముందు రెండక్షరాలు "డి", అంటే డయానా ముద్దుపేరు, తర్వాత "ఎ", తర్వాత "ట్రైబ్". కాబట్టి యువరాణి, ఒకటి, తెగ అని మూడు ముక్కలుగా ఆధారం ఇచ్చేయొచ్చు. టిరేడ్ ఇంకా సులువు, "ఎ టైర్డ్" అన్న ఆరక్షరాలనీ అటూ ఇటూ కలిపితే వచ్చేస్తుంది, అలసిపోయినవాడు చిరాకుపడితే వచ్చేదీ అదేగా.

ఇంగ్లీషులోనే తొమ్మిది గళ్ళ మాట ఒకటుంది, "ఫిలిపిక్". అది మనిషి పేరుమీద వచ్చిన తిట్టు. మాసిడోనియా రాజు రెండో ఫిలిప్‌ మీద ఏథెన్స్‌లో డెమోస్తనీస్ చేసిన ప్రసంగాలకి ఆ పేరు. తర్వాత మూడొందల ఏళ్ళకి రోములో సిసెరో, సీజర్ హత్య జరిగాక, మార్క్ ఆంటోనీ మీద అలాంటివే పద్నాలుగు చేశాడు, క్రీస్తుపూర్వం 44, 43 సంవత్సరాల్లో, వాటినీ ఫిలిపిక్‌లనే పిలిచారు. వాటిలో రెండోది బాగా పేరున్నది, కానీ అది సభలో ఎప్పుడూ చదవనే లేదు, రాసి చేతులు మార్చారంతే, అంటే అప్పట్లోనే ఫార్వర్డ్ మెసేజ్ అన్నమాట. ఆంటోనీ మర్చిపోలేదు. 43 డిసెంబరులో సిసెరోని చంపించి, తలనీ ఆ ప్రసంగాలు రాసిన చేతుల్నీ తెచ్చి, ఉపన్యాసాలిచ్చే వేదికమీదే ప్రదర్శనకి పెట్టించాడు. దీంతో పోలిస్తే బాబాయి వాయిస్ మెసేజ్ ఎంత.

మన గళ్ళలోకి వచ్చేద్దాం. తెలుగులో గడికి ఒక అక్షరం, గుణింతం వత్తు సున్నా అన్నీ దాంతోనే. "ధ్వజమెత్తు" ఇంగ్లీషు లిపిలో రాస్తే బారెడుంటుంది, మనకి నాలుగు గళ్ళు. చూడ్డానికి హాయిగా ఉంటుంది గానీ కట్టేవాడికి నరకం. "చీవాట్లు" తీసుకోండి. ఆధారం బ్రహ్మాండంగా కుదిరింది: "చీదరించుకుని కరెంటు కొలిస్తే పడేవి (3)". చీ, వాట్లు. కానీ చివరి గడిలో "ట్లు" కూర్చుంది. దానిమీంచి నిలువుగా పోయే మాటలోనూ అదే "ట్లు" ఉండాలి, "ట్ల" పనికిరాదు, "ట్టు" పనికిరాదు, అట్లతద్ది అసలే కుదరదు. నోట్లు, ఓట్లు, పాట్లు, అగచాట్లు, అట్లు. నేను చీవాట్లు వాడిన ప్రతిసారీ కింద అట్లో ఓట్లో పోయాల్సిందే. మా పిన్ని ఇప్పుడు అడ్డం చూడకుండానే నిలువు "అట్లు" అని రాసేస్తోంది, దాన్నించి వెనక్కొచ్చి చీవాట్లు పట్టుకుంటోంది.

ఇంగ్లీషులో ఈ బాధ ఉండదు, ఇరవయ్యారు అక్షరాలు, ఏది ఎక్కడైనా దూరుతుంది. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ అనే ఆయన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటిది వేసినప్పుడు గళ్ళు వజ్రం ఆకారంలో ఉండేవి. ఆయన తెలుగువాడైతే ఆ వజ్రం మధ్యలో "ట్లు" దగ్గర ఆగిపోయి ఇంకేదైనా పని చూసుకునేవాడు.

బాబాయి మెసేజ్‌లో ఒక్క పనికొచ్చే మాట ఉంది, "ముందు అమరం తెరిచి చూడరా" అన్నది. తెరిచాను. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలో నిందకి అవర్ణం, ఆక్షేపం, నిర్వాదం, పరీవాదం, అపవాదం, ఉపక్రోశం, జుగుప్స, కుత్స, నింద, గర్హణం అని పది పేర్లు వరసగా ఉన్నాయి, నుడికట్టు కట్టేవాడికి పండగ. వాటికి దగ్గర్లోనే ఇంకో విచిత్రం. నిందతో కలిపి దెప్పిపొడవడాన్ని "పరిభాషణం" అంటారట! మనం పరిభాష అంటే కంప్యూటర్ పరిభాష, బ్యాంకు పరిభాష అని మర్యాదగా వాడుకుంటున్నాం, దాని దాయాది అక్కడ చీవాట్లు పెడుతూ కూర్చుంది. ఇది తర్వాతి వారాలకి దాచుకున్నాను, బాబాయికి చెప్పకండి.

అక్కణ్ణుంచి కౌటిల్యుడి దాకా వెళ్ళాను, అది అనవసరమే గానీ రాత్రి పదకొండు తర్వాత ఇలాగే జరుగుతుంది. అర్థశాస్త్రంలో వాక్పారుష్యం అని నోటితో చేసే దాడికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది, జరిమానాలతో సహా. ఒంటికన్ను మనిషిని ఒంటికన్నువాడా అంటే, నిజమే అయినా సరే, మూడు పణాలు. లేని లోపం అంటగడితే ఆరు. వెటకారంగా "అబ్బ, ఎంత చక్కటి కళ్ళో" అన్నారనుకోండి, పన్నెండు! నేరుగా తిట్టిన దానికంటే పొగుడుతూ తిట్టిన దానికి నాలుగింతలు. వెటకారం ఎంత లోతుగా దిగుతుందో ఆయనకి బాగా తెలుసు. గోల్కొండ జైల్లో కూర్చుని రామదాసు రాముణ్ణి ఖర్చుల లెక్క అడిగితే దాన్ని మనం నిందాస్తుతి అని భక్తిలో కలిపేసుకున్నాం. కౌటిల్యుడు పన్నెండు పణాలు వేసింది స్తుతినిందకి, అటూ ఇటూ తిరగేసిన మాట. రెండూ నాలుగేసి గళ్ళే.

సరే, పూజగది అయింది. మిగతా తిట్లన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక కాగితంమీద రాసుకుంటూ పోతే నాకు ఇంకో సంగతి తట్టింది, బహుశా దండకం కంటే ఇదే నన్ను ఎక్కువ పట్టుకుంది. ఉతికి ఆరేశాడు. కడిగి పారేశాడు. దులిపేశాడు. ఎండగట్టాడు. ఇవన్నీ బట్టలకీ గిన్నెలకీ చేసేవి. నిప్పులు చెరిగాడు అంటాం, చెరగడం అంటే చేటలో బియ్యం చెరగడమే, నూకా తవుడూ వేరుచేయడానికి, ఆ చేటలో బియ్యానికి బదులు నిప్పులు పోసి ఊహించుకోండి. ఇన్నేళ్ళు పేపర్లో "నిప్పులు చెరిగిన ప్రతిపక్షం" అని చదువుతూ ఒక్కసారి కూడా నాకు చేట కనబడలేదు. తూర్పారబట్టడం కళ్ళం పని, నూర్చిన గింజల్ని ఎత్తునుంచి గాలికి జారవిడిస్తే తాలు ఎగిరిపోయి గట్టిగింజ కుప్పలో పడుతుంది. ఏకిపారేశాడు అంటే దూది ఏకినట్టు, చిక్కులు విడగొట్టి, చెత్త తీసి. మన భాషలో కోపంగా మాట్లాడేవాడు కొట్టడం లేదు, కాల్చడం లేదు, శుభ్రం చేస్తున్నాడు! తిట్లు తిన్నవాడు బట్టో ధాన్యమో దూదో అయి ఉంటాడు, తిట్టినవాడి లెక్కలో ఆ పని అయ్యాక బాగుపడి ఉంటాడు. మా పెద్దవాళ్ళు తిట్టాక "నీ మంచికే" అనేవాళ్ళు, వ్యాకరణం ప్రకారం వాళ్ళు చెప్పింది నిజమే కాబోలు.

ఇంకోటి. ఈ ఉతకడం, చెరగడం, కడగడం, దులపడం ఇళ్ళల్లో ఎవరు చేసేవాళ్ళు? ఆడవాళ్ళే. ఆ మాటలు తీసుకెళ్ళి అసెంబ్లీలో నాయకులకి ఇచ్చాం, ఫలానాయన కడిగిపారేశారు అని. ఇంట్లో అదే పని చేసి చేసి అలిసిపోయిన మనిషి నోరు తెరిస్తే దానికి మాత్రం సణుగుడు, గొణుగుడు, నస అని పేర్లు పెట్టాం. దీన్నొక ఆధారంగా మలుద్దామని చూశాను గానీ కుదరలేదు, కొన్ని సంగతులు గళ్ళలో పట్టవు.

వదినది కరీంనగర్. ఈ గొడవంతా చదివి "మా దిక్కు దండకం గిండకం ఏముండది, ఒర్లుతున్నడు అంటం, అయిపాయె" అంది. ఒర్లుడు, మూడు గళ్ళు, చివర "డు", ఎక్కడైనా ఇమిడిపోతుంది. లొల్లి, రెండు గళ్ళు. ఇన్నాళ్ళూ కృష్ణా గుంటూరు మాటలతోనే గళ్ళు నింపుతున్నానని ఆవిడ అనలేదు గానీ, అన్నట్టే వినబడింది. మా వైపు నాన్న కేకలేశారు అంటే తిట్టారని అర్థం, వాళ్ళకి అది ఉత్త కేకే, పక్కింటివాణ్ణి పిలిచారనుకుంటారు. ఆ ఆధారం మూడు వారాల కింద పెట్టినప్పుడు ఆవిడ ఎందుకు ఖాళీగా వదిలేసిందో ఇప్పుడర్థమైంది.

ఈ ఆదివారానికి కట్టింది ఇది, మీరూ చూడండి: "గుంపుల సొగసు, అయినా మెత్తటి తిట్టే (4)". అమరం అక్కర్లేదు, సంస్కృతం అసలే లేదు, గుంపులంటే గొర్రెలవనుకోండి చాలు. పొద్దున ఏడింటికి గ్రూపులో పెట్టాను. ఏడూ ఐదుకల్లా వదిన జవాబు పంపేసింది. బాబాయి పేరు కింద మాత్రం టైపింగ్ అని రావడం లేదు. రికార్డింగ్ అని వస్తోంది, చాలాసేపట్నుంచి.